మావాడిని ఎందుకు తీసుకోలేదు అని అరిచే ముందు క్యాలెండర్ తెరవండి

భారత క్రికెట్ జట్టు ప్రకటించిన పది నిమిషాల్లో మా చుట్టాల గ్రూపు అంటుకుంటుంది. డాలస్‌లో ఉన్న మా బావకి అక్కడ ఏ అర్ధరాత్రో అయి ఉంటుంది, అయినా మొదటి మెసేజ్ ఆయనదే. "ఏరా, మీవాడు మళ్లీ లేడుగా?" ఇక నేను మొదలుపెట్టేవాణ్ని. సెలెక్టర్లకి కళ్లు లేవు, పక్షపాతం, లాబీ, మనవాళ్లంటే లెక్కలేదు, ఇలా ఒక అరగంట. ఆయన చివర్లో ఒకే ప్రశ్న వేసేవాడు: "సరేరా, ఎవర్ని తీసేసి పెట్టాలి?" అక్కడితో నా నోరు మూతపడేది. చాలాసార్లు ఇలాగే ఓడిపోయాక, వాదనకి ముందు చేయాల్సిన పని ఒకటుందని అర్థమైంది. ఆ పనే ఇక్కడ చెబుతున్నా. చేస్తే మీవాడికి చోటు వస్తుందని కాదు, కనీసం బావల ముందు పరువు నిలుస్తుంది.

ముందు గోడ మీది క్యాలెండర్ తీయండి

నిజంగానే అంటున్నా. తిథులు, వర్జ్యాలు ఉండే పెద్ద క్యాలెండర్ ప్రతి ఇంట్లో ఉంటుంది కదా, దాని మీదే రాయండి, ఫోన్లో చూస్తే ఒక్కో మ్యాచ్ విడివిడిగా కనిపిస్తుంది తప్ప నెల మొత్తం ఒక్కసారి కంటికి ఆనదు. ఎర్రబంతితో ఆడే టెస్టులకి ఎర్ర పెన్ను, వన్డేలు, టీ20లు లాంటి తెల్లబంతి మ్యాచ్‌లకి నీలం పెన్ను (తెల్ల పెన్ను కనపడదు, నేను ప్రయత్నించా). ఐపీఎల్‌కి పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత చాలు. ప్రపంచ క్రికెట్‌ని నడిపే ఐసీసీ 2023 నుంచి 2027 వరకు వేసిన పర్యటనల పట్టికలో మార్చి మధ్య నుంచి మే చివరి వరకు దాదాపు రెండున్నర నెలలు దానికే వదిలేశారు, ఆ మధ్యలో పెద్ద జట్ల సిరీస్‌లు పెద్దగా కనపడవు.

ఈ పట్టిక గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, ఐసీసీ ఎక్కడో కూర్చుని ఎవరు ఎవరితో ఆడాలో శాసిస్తుందని. రెండు దేశాల సిరీస్‌లు ఆయా బోర్డులు మాట్లాడుకుని కుదుర్చుకుంటాయి, ఐసీసీ వాటన్నిటినీ ఒకచోట చేర్చి తన టోర్నీలకి చోటు ఉంచుకుంటుంది. పెళ్లిళ్ల సీజన్లో ఫంక్షన్ హాలు తేదీలు ఎలా కుదురుతాయో ఇదీ అంతే, డబ్బున్నవాళ్లకి మంచి ముహూర్తాలు, మిగతావాళ్లకి మిగిలినవి. 2022 ఆగస్టులో ఆ పట్టిక బయటపెట్టినప్పుడు 12 జట్లకి కలిపి 777 మ్యాచ్‌లు లెక్క తేలాయి: 173 టెస్టులు, 281 వన్డేలు, 323 టీ20లు. "ఇన్ని ఎందుకు ఆడిస్తున్నారు" అనే కోపం ఉంటే పోట్లాడాల్సింది సెలెక్టర్లతో కాదు, వాళ్లు ఈ తేదీలు వేయరు. ఐదుగురు కూర్చుని ఇచ్చిన తేదీలకి మనుషుల్ని సర్దుతారు, అంతే.

రాయడం అయ్యాక రెండే లెక్కలు వేయండి. ఒక మ్యాచ్ ముగిసిన రాత్రికి, తర్వాతి మ్యాచ్ మొదటి బంతికి మధ్య ఎన్ని ఖాళీ రోజులున్నాయి? ఆ మధ్యలో విమానం ఎంత దూరం, బంతి రంగు మారిందా?

2025 చివరి నెలలు నా క్యాలెండర్ మీద ఇంకా ఉన్నాయి. సెప్టెంబర్ 28 రాత్రి దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్, అదే మన తిలక్ వర్మ పాకిస్తాన్ మీద 69 నాటౌట్ కొట్టిన మ్యాచ్. అక్టోబర్ 2 పొద్దున అహ్మదాబాద్‌లో వెస్టిండీస్‌తో టెస్టు. మధ్యలో మూడు రోజులు, పైగా నీలం నుంచి ఎరుపు. ఆ సిరీస్ ఢిల్లీలో 14న అయిపోయింది, 19న పెర్త్‌లో వన్డే, మళ్లీ నీలం. ఆస్ట్రేలియాలో చివరి టీ20 నవంబర్ 8న బ్రిస్బేన్‌లో, 14న కోల్‌కతాలో దక్షిణాఫ్రికాతో టెస్టు, మళ్లీ ఎరుపు. ఈ గీత మొత్తం మీద వేలు పెట్టి నడిపితే ప్రతి మజిలీలోనూ శుభ్‌మన్ గిల్ ఉంటాడు. కోల్‌కతాలో మూడు బంతులాడి మెడ పట్టేసి బయటికి వెళ్లిపోయాడు. దానికి షెడ్యూలే కారణమని నేను అనను, నేను డాక్టర్ని కాదు, మెడ నిద్రలో కూడా పడుతుంది. కానీ ఆ కోల్‌కతా టెస్టులోనే 124 కొట్టలేక 93కి ఆలౌటయిన రోజు "వీళ్లకి స్పిన్ ఆడటం రాదు" అని రాసేవాడు, చివరిసారి వీళ్లు ఎర్రబంతి ఎప్పుడు ఆడారో కూడా పక్కన రాయాలి.

ఇలాంటిదే ఇంకోటి, పాతది. 2023 ఐపీఎల్ ఫైనల్ వానవల్ల సాగి సాగి మే 30 తెల్లవారుజామున ముగిసింది, జూన్ 7న ఓవల్‌లో టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్. ఓడాం, 209 పరుగుల తేడాతో. ఆ వారమంతా అందరూ అశ్విన్‌ని ఎందుకు ఆడించలేదని కొట్టుకున్నారు, నేను కూడా. అది న్యాయమైన గొడవే. కానీ ఇంగ్లండ్‌లో టెస్టు ఫైనల్‌కి వారం ముందు వరకు నాలుగేసి ఓవర్లు వేసే బౌలర్లు, ఇరవై బంతులాడే బ్యాటర్లు అనే సంగతి మాత్రం ఆ గొడవలో మునిగిపోయింది.

పాయింట్ల పట్టిక చూసేటప్పుడు

ఇది చిన్న విషయం, త్వరగా చెప్పేస్తా. టెస్టు చాంపియన్‌షిప్‌లో 9 జట్లు, ఒక్కో జట్టుకి రెండేళ్లలో ఆరు సిరీస్‌లు, మూడు ఇంట్లో, మూడు బయట. అందరూ అందరితో ఆడరు, అందరూ సమానంగా కూడా ఆడరు. 2023-25లో ఇంగ్లండ్ 22 టెస్టులు ఆడింది, దక్షిణాఫ్రికా 12. ఆ 12 ఆడినవాళ్లే 2025 జూన్‌లో లార్డ్స్‌లో ఫైనల్లో ఆస్ట్రేలియాని ఓడించి చాంపియన్లకిచ్చే గద పట్టుకెళ్లారు. అందుకే ఎన్ని గెలిచారని కాకుండా పాయింట్ల శాతం చూస్తారు. "వాళ్లకి సులువైన ప్రత్యర్థులు పడ్డారు" అని ఏడ్చేవాళ్లకి ఒకటి గుర్తు చేయండి: అదే దక్షిణాఫ్రికా 2024 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌కి దాదాపు రెండో జట్టుని పంపింది, వాళ్ల సొంత టీ20 లీగ్ అదే సమయంలో ఉందని. కెప్టెన్ నీల్ బ్రాండ్‌కి అదే మొదటి టెస్టు. 2-0తో ఓడారు, అయినా చివరికి చాంపియన్లు. దీన్నిబట్టి ఎవరు ఏ నీతి తీసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

టికెట్ కోసం చూసేవాళ్లకి ఒక మాట. తేదీ ప్రకటించగానే రైలు, హోటల్ బుక్ చేయకండి, ముందు ఆ తేదీ దగ్గర పండగలున్నాయేమో అదే క్యాలెండర్‌లో చూడండి. 2023 ప్రపంచకప్ షెడ్యూల్ టోర్నీకి సరిగ్గా వంద రోజుల ముందు వచ్చింది, తర్వాత ఆగస్టులో 9 మ్యాచ్‌ల తేదీలు మార్చారు. భారత్-పాకిస్తాన్ మ్యాచ్ నవరాత్రుల వల్ల 15 నుంచి 14కి జరిగింది. మా తమ్ముడు 14 రాత్రికి అహ్మదాబాద్ చేరేలా బుక్ చేసుకున్నాడు, మ్యాచ్ అయిపోయాక దిగేవాడన్నమాట. ఇక మన ఉప్పల్‌కి ఆ ప్రపంచకప్‌లో భారత్ మ్యాచ్ ఒక్కటీ రాలేదు. మూడు మ్యాచ్‌లు, అందులో రెండు వరసగా 9, 10 తేదీల్లో, బందోబస్తు కష్టమని మొత్తుకున్నా మారలేదు. ఆ 10వ తేదీనే పాకిస్తాన్ 345 ఛేదించి ప్రపంచకప్ రికార్డు పెట్టింది. వద్దనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నా, ఇప్పటికీ తిట్టుకుంటా.

ఇక అసలు గొడవ: పేరు కాదు, నంబర్ చెప్పండి

"ఫలానావాణ్ని తీసుకోవాలి" అనే వాక్యం సగం వాక్యం. ఏ నంబర్‌లో, ఏ ఫార్మాట్‌లో, ఎక్కడ జరిగే మ్యాచ్‌లో, ఎవరి బదులు అనే నాలుగూ చేరితేనే అది పూర్తవుతుంది. బ్యాటింగ్ ఆర్డర్ అంటే ఆరేడు ఉద్యోగాలు, ఒకే ఉద్యోగానికి ఏడుగురు కాదు.

దీనికి పాఠం నేర్చుకోవాలంటే విశాఖపట్నం చాలు, ఎక్కడికో వెళ్లక్కర్లేదు. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్‌తో వన్డే. జులపాల జుట్టు కీపర్ ఒకడు, అంతకుముందు నాలుగు మ్యాచ్‌ల్లో చెప్పుకోదగ్గ పరుగుల్లేవు, ఏడో నంబర్‌లో వచ్చి వెళ్లిపోయేవాడు. ఆ రోజు మూడో నంబర్‌లో దింపారు. 123 బంతుల్లో 148. ధోని అప్పటికి అదే ధోని, మారింది నంబర్. మళ్లీ 2019 అక్టోబర్, అదే ఊరు, దక్షిణాఫ్రికాతో టెస్టు. మిడిలార్డర్‌లో ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉన్న రోహిత్ శర్మని టెస్టుల్లో మొదటిసారి ఓపెనర్‌గా పంపారు. 176, 127. ఆ మధ్య తిలక్ వర్మ కూడా అంతే, 2024 నవంబర్‌లో దక్షిణాఫ్రికాలో కెప్టెన్ సూర్యకుమార్‌ని అడిగి మరీ మూడో నంబర్ తీసుకున్నాడు, సెంచూరియన్‌లో 107 నాటౌట్, రెండు రోజుల తేడాతో జొహానెస్‌బర్గ్‌లో 120 నాటౌట్. సూర్య తన చోటు వదిలి కిందికి దిగాడు, దాని గురించి మనవాళ్లు పెద్దగా మాట్లాడరు.

నంబర్ తప్పితే ఏమవుతుందో కూడా మన దగ్గరే ఉంది. వీవీఎస్ లక్ష్మణ్‌ని టెస్టుల్లో ఓపెనర్‌గా రుద్దారు. 2000 జనవరిలో సిడ్నీలో ఆ స్థానం నుంచే 167 కొట్టాడు, అయినా ఇది నా చోటు కాదని తర్వాత తనే గట్టిగా చెప్పి బయట కూర్చోడానికి సిద్ధపడ్డాడు. 2001లో కోల్‌కతాలో ఫాలోఆన్‌లో (బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సి వచ్చినప్పుడు) మూడో నంబర్‌కి తెచ్చారు, 281. ఇంత జరిగాక కూడా 2003 ప్రపంచకప్‌కి ఆయన బదులు దినేష్ మోంగియా వెళ్లాడు, 134 టెస్టులాడిన మనిషి ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ ఆడకుండానే రిటైరయ్యాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ మంటే.

కొన్ని చోట్లు క్యాలెండర్‌లోనే ఉండవు

ఇది నేను చాలా ఆలస్యంగా కనిపెట్టిన సంగతి, ఇది తెలిశాకే గోడ మీద క్యాలెండర్‌కి పెన్నులు పట్టా. హనుమ విహారి కెరీర్ తీసుకోండి. 16 టెస్టులు. అందులో స్వదేశంలో ఆడినవి మూడే, మిగతా 13 బయట. ఎందుకంటే అప్పట్లో సొంతగడ్డ మీద స్పిన్ పిచ్‌లకి అశ్విన్, జడేజా ఇద్దరూ ఉండేవారు, ఇద్దరూ బ్యాటింగ్ చేసేవారు, ఆరో నంబర్ బ్యాటర్ అనే ఉద్యోగమే ఉండేది కాదు, ఆ చోటులో ఇంకో బౌలర్ వచ్చేవాడు. రోహిత్ ఓపెనర్‌గా వెలిగిన ఆ విశాఖ టెస్టులో విహారి కూడా ఉన్నాడు, ఆంధ్ర కుర్రాడు ఆంధ్రలో టెస్టు ఆడుతున్నాడని మనం మురిసిపోయాం, తర్వాతి టెస్టుకి పుణేలో అతన్ని తీసి ఉమేశ్ యాదవ్‌ని ఆడించారు. తప్పేం చేశాడు? ఏమీ లేదు, ఆ మ్యాచ్‌లో రెండో ఇన్నింగ్స్‌లో బ్యాటింగే రాలేదు.

అంటే అతనికి వచ్చేవన్నీ మెల్‌బోర్న్, వెల్లింగ్టన్, బర్మింగ్‌హామ్ లాంటి చోట్లు, అందరికీ కష్టమయ్యే పిచ్‌లు. మెల్‌బోర్న్‌లో ఏకంగా ఓపెనర్‌గా పంపారు, 66 బంతులాడి 8 పరుగులు చేశాడు, కొత్త బంతి మెరుపు పోగొట్టి వచ్చాడు. సిడ్నీలో 2021లో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడి 23 నాటౌట్‌తో మ్యాచ్ డ్రా చేశాడు. ఇలాంటి మనిషి సగటుని ఇంట్లో ఆడిన బ్యాటర్ సగటు పక్కన పెట్టి "చూశావా తక్కువుంది" అంటే, మండుటెండలో మూటలు మోసినవాణ్నీ ఏసీ గదిలో బిల్లులు రాసినవాణ్నీ చెమట చూసి పోల్చినట్టే.

కాబట్టి మీవాడి గురించి మాట్లాడే ముందు రాబోయే ఏడాది క్యాలెండర్‌లో ఎర్ర గీతలు ఎన్ని ఇంట్లో, ఎన్ని బయట ఉన్నాయో లెక్కపెట్టండి. అతను అదనపు బ్యాటర్ అయితే బయటి టూర్లలోనే చోటు. బౌలింగ్ కూడా చేసే బ్యాటర్ అయితే లెక్క వేరు. నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబర్‌లో 114 కొట్టాడు కదా, మరి ఇంట్లో టెస్టుల్లో ఎందుకు కూర్చోబెడతారని అడిగేవాళ్లకి జవాబు కూడా ఇక్కడే ఉంది, ఆస్ట్రేలియాలో నాలుగో పేసర్‌కి పని ఉంటుంది, తిరిగే పిచ్ మీద ఆ పని ఉండదు.

రాయుడు కేసు, వాదనగా ఎలా కట్టాలో

ఇప్పుడు మన గాయం మీదే సాధన చేద్దాం. 2018 అక్టోబర్‌లో కెప్టెన్ కోహ్లీ వన్డేల్లో నాలుగో నంబర్ అంబటి రాయుడుదే అన్నాడు. విశాఖలో వెస్టిండీస్‌తో టై అయిన మ్యాచ్‌లో 73, ముంబైలో సెంచరీ. 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో 18 పరుగులకి 4 వికెట్లు పడ్డాక 90. తర్వాత ఆస్ట్రేలియాతో మూడు వన్డేలు, ఉప్పల్‌లో 13, నాగ్‌పూర్‌లో 18, రాంచీలో 2. ఏప్రిల్ 15న ప్రపంచకప్ జట్టులో పేరు లేదు, విజయ్ శంకర్ ఉన్నాడు. శంకర్ మూడు రకాలుగా (త్రీ డైమెన్షన్స్‌లో) పనికొస్తాడని చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ చెప్పడం, త్రీడీ కళ్లజోడు ఆర్డరిచ్చానని రాయుడు వేసిన చురక, అదంతా మీకు తెలిసిందే.

ఆ రోజు నేను రాసింది: "తెలుగువాళ్లంటే చులకన." బావ ఒక్క నిమిషంలో పడగొట్టాడు, "ఒరేయ్, తీసేసిన ప్రసాద్ గుంటూరు మనిషిరా." నిజమే. కోపంలో మొదట నోటికొచ్చే వాదన సాధారణంగా ఇలాంటిదే, దాన్ని పక్కన పెట్టండి.

ముందు ఎదుటివాళ్ల వైపు రాయండి, ఇది చేదుగా ఉంటుంది. ఆ జనవరిలోనే రాయుడు బౌలింగ్ మీద ఫిర్యాదు వచ్చి ఐసీసీ బౌలింగ్ ఆపేసింది, కాబట్టి రెండు ఓవర్లు వేస్తాడనే మాట చెల్లదు. ఇంగ్లండ్‌లో శంకర్ లాంటి మీడియం పేస్ వేసే బ్యాటర్ ఉంటే బాగుంటుందనేది తప్పుడు ఆలోచనా కాదు. ఇప్పుడు మన వైపు. 55 వన్డేల్లో సగటు 47.05. ఆరు నెలలు ఒకడికి ఒక ఉద్యోగం ఇచ్చి, మూడు ఇన్నింగ్స్ చూసి తీసేశారు. సరే తీశారు, ఆ చోటులో ఎవరున్నారు? ఆ టోర్నీలో నాలుగో నంబర్‌లో రాహుల్, హార్దిక్, శంకర్, పంత్, నలుగురు దిగారు. ధావన్ గాయపడితే పంత్‌ని, శంకర్ గాయపడితే అప్పటికి ఒక్క వన్డే ఆడని మయాంక్ అగర్వాల్‌ని పిలిచారు, స్టాండ్‌బైలో ఉన్న రాయుడుని పిలవలేదు. రెండు రోజులకే రాయుడు రిటైర్మెంట్ ప్రకటించేశాడు. మాంచెస్టర్ సెమీస్‌లో రోహిత్, రాహుల్, కోహ్లీ తలా ఒక పరుగు, 5 పరుగులకే 3 వికెట్లు, చివరికి 18 పరుగులతో ఓటమి.

చూడండి, ఇందులో ఎవరి ఊరూ లేదు, ఎవరి కులమూ లేదు. రాయుడు ఉంటే గెలిచేవాళ్లం అని కూడా అనలేదు, అలా అన్నారో బావ మళ్లీ పట్టుకుంటాడు. ఒక నంబర్‌కి ఆరు నెలలు సిద్ధం చేసిన మనిషిని తీసి, సిద్ధం చేయని నలుగుర్ని వాడారు అనేదే వాదన. దీనికి బావ దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అంకెలు వాడేటప్పుడు

మొత్తం కెరీర్ సగటు చెప్పకండి, ఆ ఫార్మాట్‌లో, ఆ నంబర్‌లో, అలాంటి పిచ్‌ల మీద ఎంతో చూడండి. టీ20ల్లో అయితే మొదటి ఆరు ఓవర్లలో కొట్టే వేగమూ, ఫీల్డ్ విస్తరించాక కొట్టే వేగమూ వేర్వేరు. ఐపీఎల్‌లో ఓపెనర్‌గా ఆరొందలు కొట్టినవాణ్ని ఆరో నంబర్‌కి పెట్టమనడం మనం ఏటా చేసే తప్పు. రంజీ పరుగులు చెప్పేటప్పుడు తేదీ చూడండి, 2024-25 నుంచి రంజీని రెండు ముక్కలు చేసి మధ్యలో ముస్తాక్ అలీ (టీ20), విజయ్ హజారే (వన్డే) టోర్నీలు పెట్టారు, కాబట్టి నవంబర్‌లో కొట్టిన డబుల్ సెంచరీ ఫిబ్రవరికి పాత సంగతే.

ఒక్క పెద్ద ఇన్నింగ్స్‌ని మాత్రం నమ్ముకోకండి. కరుణ్ నాయర్ 2016 డిసెంబర్‌లో చెన్నైలో 303 నాటౌట్ కొట్టాడు, భారత్ ఆడిన తర్వాతి టెస్టు 2017 ఫిబ్రవరిలో మన ఉప్పల్‌లోనే, బంగ్లాదేశ్‌తో. అందులో కరుణ్ లేడు. చెన్నైలో అతనికి చోటు దొరికిందే రహానే వేలికి దెబ్బ తగిలితే, రహానే కోలుకున్నాడు, తన కుర్చీ తను తీసుకున్నాడు, 82 కొట్టాడు. ఇది అన్యాయమా అంటే, కరుణ్ వైపు నుంచి చూస్తే అన్యాయమే, రహానే వైపు నుంచి చూస్తే గాయం వల్ల ఉద్యోగం పోకూడదు. నేను రహానే వైపే, మా గ్రూపులో మైనారిటీలో ఉన్నా.

చివరి పని, ఇది మాత్రం తప్పకుండా చేయండి. తుది జట్టు చెప్పడానికి ముందురోజు రాత్రి మీ బ్యాటింగ్ ఆర్డర్ ఒకటి నుంచి ఏడు దాకా కాగితం మీద రాసి ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. తర్వాత "నేను అప్పుడే చెప్పా" అనేవాళ్ల నోళ్లు వాటంతట అవే మూతపడతాయి, మనదీ కలిపి. కోల్‌కతా టెస్టుకి మేం తొమ్మిదిమంది రాశాం. ఎక్కువమంది మూడో నంబర్‌లో సాయి సుదర్శన్ పేరే రాశారు, ముందు టెస్టులోనే ఢిల్లీలో 87 కొట్టాడు కదా. మర్నాడు చూస్తే అతను బెంచ్ మీద ఉన్నాడు, మూడో నంబర్‌లో వాషింగ్టన్ సుందర్ దిగాడు. 29, 31 కొట్టాడు, ఆ 93లో అతనిదే ఎక్కువ స్కోరు. సరే ఇక ఇతనే అనుకుని గువహటికి అందరం మూడో నంబర్‌లో సుందర్ పేరు రాశాం. అక్కడ అతన్ని ఎనిమిదికి పంపారు, సుదర్శన్ మూడుకి వచ్చాడు. బావ తన కాగితం ఫొటో డిలీట్ చేయబోయాడు, నేను అప్పటికే స్క్రీన్‌షాట్ తీసేశా.